ఆర్పీజీ గేమ్‌లో పోరాటాల బ్యాలెన్స్ సరిచేయడం ఎలా?

నేను చేస్తున్న ఆర్పీజీలో, అంటే పాత్రని లెవెల్ లెవెల్‌గా పెంచుకుంటూ ఆడే గేమ్‌లో, రెండో అడవి దాటేచోట మూడు తోడేళ్ల గుంపు ఒకటి ఎదురవుతుంది. ఆడి చూసినవాళ్లలో సగానికి పైగా అక్కడే చచ్చారు. "తోడేళ్లు మరీ కష్టం" అన్నారు. సరేనని వాటి హెల్త్‌ని 90 నుంచి 70కి తగ్గించాను. మళ్లీ అదే మాట. 55 చేశాను. అయినా అదే మాట. చివరికి ఒక ఫ్రెండ్ ఆడుతుంటే వెనక నిలబడి, నోరు మెదపకుండా చూశాను. తోడేలు దూకే ముందు వెనక్కి వంగే యానిమేషన్ 10 ఫ్రేములే ఉంది. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన అది సెకనులో ఆరో వంతు. కంటికి కనబడింది వేలిదాకా చేరి బటన్ నొక్కడానికి మామూలు మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. అంటే చూసి తప్పుకోవడం ఎవరికీ కుదరదు. ఆ 10 ఫ్రేముల్ని 26 చేసి, హెల్త్‌ని తిరిగి 90కి పెట్టేశాను. ఫిర్యాదు ఆగిపోయింది.

సొంతంగా ఫాంటసీ ఆర్పీజీ చేస్తున్నా, ఉన్న గేమ్‌కి మాడ్ (మార్పుల ఫైలు) రాస్తున్నా మీకూ ఇలాంటి తోడేళ్లు తగులుతాయి. నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయడం బ్యాలెన్స్ పనిలో అందరూ చేసే తప్పు. అంకె మార్చడం తేలిక కాబట్టి చెయ్యి ముందు అంకె మీదకే పోతుంది. దాన్ని కాస్త ఆపి, కింద చెప్పిన వరసలో వెళ్లండి.

ఫిర్యాదును విప్పి రాసుకోండి

"మాంత్రికుడు ఓవర్‌పవర్డ్", "కత్తివీరుడు వేస్ట్", "బాస్ బోర్" లాంటి మాటలతో పని జరగదు. ఏ పోరాటం, ఆటగాడి లెవెల్ ఎంత, ఒంటిమీద ఏ ఆయుధం, ఏ కవచం, పోరాటం ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్ని పోషన్లు (మందు సీసాలు) తాగాడు, చచ్చింది ఏ దెబ్బకి? ఇవన్నీ రాసుకోండి. వీలైతే గేమ్‌లోనే ఒక లాగ్ ఫైల్ పెట్టి, ప్రతి పోరాటం ముగియగానే ఈ విషయాలన్నీ అందులో పడేలా చేయండి. ఒక సాయంత్రం పని, తర్వాత నెలల తరబడి అక్కరకొస్తుంది.

రాశాక ఫిర్యాదులు రకరకాలుగా విడిపోతాయి. కొన్ని నిజంగా అంకెలవే. కొన్ని కనబడకపోవడం వల్ల వచ్చేవి: విలుకాడు తెర బయట ఉండి కొట్టాడు, నేల మీద విషపు మడుగు గడ్డి రంగులో కలిసిపోయింది, దెబ్బ తగిలిన చప్పుడు రాలేదు. ఇంకొన్ని నేర్పకపోవడం వల్ల వచ్చేవి: అస్థిపంజరాల మీద బాణాలు పనిచేయవని గేమ్ ఎక్కడా చెప్పలేదు. రెండో, మూడో రకాలకి అంకెల్లో మందు లేదు. నా అనుభవంలో "అన్యాయం" అని ఆటగాడు అన్నాడంటే చాలాసార్లు రెండో రకం. "విసుగు" అన్నాడంటే చాలాసార్లు అంకెలే.

కోడ్ మీరనుకున్నదే చేస్తోందా?

దీన్ని చాలామంది దాటేస్తారు. దాటేయకండి. 1987లో వచ్చిన మొదటి ఫైనల్ ఫాంటసీలో ఇంటెలిజెన్స్ అనే గుణం మంత్రాల దెబ్బను పెంచాలి, కానీ బగ్ వల్ల దాని ప్రభావం ఏమీ ఉండేది కాదు. 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6 తొలి రూపంలో దెబ్బ తప్పించుకునే ఇవేడ్ గుణానిదీ అదే కథ, ఆ పనంతా మ్యాజిక్ బ్లాక్ అనే వేరే గుణమే చేసేది. అంత పెద్ద గేముల్లోనే అలా దూరిపోయాయంటే మన కోడ్ సంగతి వేరే చెప్పాలా?

ఒక ఖాళీ గది చేసి, మధ్యలో కదలని బొమ్మను నిలబెట్టండి. ప్రతి గుణాన్నీ విడివిడిగా 10 నుంచి 50కి పెంచుతూ బొమ్మను వందసార్లు కొట్టించి, లెక్క ఎలా మారిందో చూడండి. ఏమీ మారకపోతే బగ్ దొరికినట్టే. ఊహించినదానికి రెండింతలు మారితే ఎక్కడో ఒకే బోనస్ రెండుసార్లు కలుస్తోంది. నిప్పు ఉంగరం బోనస్ ఒకసారి ఆయుధానికీ మరోసారి పాత్రకీ చేరడం నా ప్రాజెక్టులోనే జరిగింది. అది దొరికేలోపు నిప్పు మంత్రాన్ని మూడుసార్లు అనవసరంగా నెర్ఫ్ చేశాను, అంటే బలం తగ్గించాను, పాపం.

హెల్త్ పాయింట్లను వదిలి దెబ్బలు లెక్కపెట్టండి

తోడేలు హెల్త్ 90 అంటే ఎవరికీ ఏమీ తెలియదు. తోడేలు మూడు దెబ్బలకి పడుతుందంటే అందరికీ అర్థమవుతుంది. కాబట్టి మీ లక్ష్యాలన్నీ దెబ్బల్లోనో సెకన్లలోనో రాయండి. నేను వాడే కొలతలు ఇవి: చిల్లర శత్రువు 2, 3 దెబ్బలు. మామూలు సైనికుడు 5 దాకా. కవచం వేసుకున్న మొండివాడు 10 దగ్గర. బాస్‌ని దెబ్బల్లో కాకుండా నిమిషాల్లో కొలుస్తాను, రెండు నుంచి నాలుగు. అటువైపు నుంచి కూడా రాయాలి: మామూలు శత్రువు దెబ్బలు ఎన్ని తగిలితే ఆటగాడు చస్తాడు? ఆరు అనుకుందాం. బాస్ పెద్ద దెబ్బ ఒక్కటీ నిండు హెల్త్‌లో 60 శాతం మించి తీయకూడదని పెట్టుకున్నాను. ఒక తప్పుకి చావు రాదు, వెంటవెంటనే రెండు చేస్తే వస్తుంది.

ఇవి నా గేమ్‌కి నప్పిన కొలతలు, మీవి వేరుగా ఉండొచ్చు. కానీ ఒక్కసారి రాసిపెట్టుకుంటే ఆటగాడు లెవెల్ 3లో ఉన్నా, 30లో ఉన్నా, ఆ లెవెల్‌కి తగిన శత్రువు అవే దెబ్బలకి పడాలి. లెవెల్ 12 దగ్గర మామూలు సైనికుడికి 9 దెబ్బలు పడుతున్నాయంటే అక్కడ ఏదో వంకర వచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో అడ్డంగా లెవెల్స్, నిలువుగా శత్రువులు వేసి, ప్రతి గడిలో దెబ్బల సంఖ్య వచ్చేలా ఫార్ములా రాయండి. వంకర ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది.

ఆర్మర్ ఫార్ములా దగ్గర ఆగి చూడండి

వంకర కనిపించాక ముందు అనుమానించాల్సింది దీన్నే. కొత్తగా గేమ్ చేసేవాళ్లకి చటుక్కున తట్టే ఫార్ములా తీసివేత: దాడి బలంలోంచి ఆర్మర్ (కవచం బలం) తీసేయ్, మిగిలింది డ్యామేజ్. చూడటానికి తేలిగ్గా ఉంటుంది, కానీ లోపల చాప కింద నీరులా ఒక సమస్య పెరుగుతూ ఉంటుంది.

ఒక పెద్ద కత్తి, ఒక జత బాకులు తీసుకుందాం. కత్తి ఒక్క వేటుకి 38. బాకు ఒక పోటుకి 20, కానీ కత్తి ఒకసారి ఊపేలోపు బాకు రెండు పోట్లు పొడుస్తుంది, మొత్తం 40. కవచం లేని శత్రువు మీద రెండూ దాదాపు సమానం, బాకులే ఒక మెట్టు పైన. ఇప్పుడు శత్రువుకి 10 ఆర్మర్ ఇవ్వండి. కత్తి 28 కొడుతుంది. బాకులు పోటుకి 10 చొప్పున మొత్తం 20. ఆర్మర్ 18కి వచ్చేసరికి కత్తి 20 కొడుతుంటే బాకులు రెండు పోట్లూ కలిపి 4. మొదటి ఊళ్లో బాకులు ఎంచుకున్నవాడు మూడో కోట దగ్గర గీరుకుంటూ కూర్చుంటాడు. "దొంగ క్లాస్ వేస్ట్" అని, అంటే ఆ రకం పాత్ర పనికిరాదని, మీకు ఫిర్యాదు వస్తుంది. మీరు దొంగ బాకుని 20 నుంచి 26 చేస్తారు. దాంతో మూడో కోట దగ్గర కాస్త నడుస్తుంది కానీ, మొదటి ఊళ్లో దొంగ అందర్నీ ఊడ్చేస్తాడు. మరమ్మతు చేయాల్సింది క్లాస్‌ని కాదు, ఫార్ములాని.

ఇంకో దారి నిష్పత్తి: దాడి బలం × 100 ÷ (100 + ఆర్మర్). అదే 18 ఆర్మర్ మీద కత్తి 32 చిల్లర, బాకులు కలిపి 34 దాకా. ఆయుధాల మధ్య పోలిక చెదరలేదు. పైగా ఆర్మర్ ప్రతి పాయింటూ అసలు హెల్త్‌కి ఒక శాతం చొప్పున మన్నిక కలుపుతుంది. 100 ఆర్మర్ ఉంటే రెండింతలు మన్నుతాడు, 200 ఉంటే మూడింతలు. లెక్క నోటితోనే చెప్పేయొచ్చు.

తీసివేత అసలు పనికిరాదని కాదు. బరువైన ఆయుధం కవచాన్ని పగలగొట్టాలి, తేలికైనది కవచం లేనివాళ్ల మీద ఆడాలి అనే తేడా మీకు కావాలనుకుంటే అదే సరైనది. అప్పుడు బాకువాడికి ఇంకో దారి ఇవ్వాలి, కీళ్ల సందుల్లో పొడిచే నైపుణ్యమో, విషమో.

శాతంలో తగ్గించే ఆర్మర్‌తో వేరే ప్రమాదం. 80 శాతం తగ్గింపు ఉన్నవాడికి 100 దెబ్బలో 20 తగులుతుంది. ఇంకో 10 శాతం కలిపితే 10 తగులుతుంది. పేరుకి పది శాతమే, జరిగింది మాత్రం సగానికి సగం. స్కైరిమ్ గేమ్‌లో ఆర్మర్ తగ్గింపుని 80 శాతం దగ్గర ఆపేశారు. మీరూ ఎక్కడో ఒకచోట గోడ కట్టండి. 75 అయినా పరవాలేదు. గోడ ఉందని మాత్రం ఆటగాడికి తెరమీద చెప్పండి, లేకపోతే పనికిరాని కవచం కోసం పది గంటలు తిరుగుతాడు.

రెండు రకాల కవచాలు పెట్టేముందు కూడా ఆలోచించండి. 2017లో వచ్చిన డివినిటీ: ఒరిజినల్ సిన్ 2లో శరీర దెబ్బలకి ఒక కవచం, మంత్రాలకి ఒక కవచం ఉంటాయి. ఏదో ఒకటి పూర్తిగా కరిగాకే దాని వెనకున్న హెల్త్ అందుతుంది, పడగొట్టడం, గడ్డకట్టించడం లాంటివి పనిచేస్తాయి. వినడానికి బాగుంది. కానీ ఇద్దరు వీరులు, ఇద్దరు మాంత్రికులు ఉన్న జట్టు రెండు గోడల్నీ విడివిడిగా తవ్వాలి. నలుగురూ ఒకే రకమైతే ఒక గోడ చాలు. రకరకాల పాత్రలు కలిపి ఆడమని ఆహ్వానించే గేమే అలా ఆడినవాళ్లకి జరిమానా వేసినట్టయింది. మిగతా విషయాల్లో నాకు చాలా ఇష్టమైన గేమ్ అది, అందుకే ఈ ఉదాహరణ బాగా గుర్తుండిపోయింది.

బోనస్‌లు ఎక్కడ గుణించుకుంటున్నాయో వెతకండి

ఒక్క దెబ్బకి బాస్ పడిపోయాడని ఎవరైనా వీడియో పెడితే, అందులో ఒక్క నైపుణ్యం తప్పు ఉండటం అరుదు. నాలుగైదు మామూలు బోనస్‌లు ఒకదాన్నొకటి గుణించుకుని ఉంటాయి.

30 శాతం బోనస్‌లు నాలుగు ఉన్నాయనుకోండి. కూడితే 120 శాతం, అంటే 2.2 రెట్లు. గుణిస్తే 2.86 రెట్లు. ఇంతవరకు భయపడేంత లేదు. దానిమీద రెండింతల క్రిటికల్ (అప్పుడప్పుడు పడే మరింత బలమైన దెబ్బ), దానిమీద చాటునుంచి కొడితే మూడింతలు అన్నారంటే 17 రెట్లు దాటిపోయింది. అంకెలు వేసేటప్పుడు ఏదీ విడిగా పెద్దగా కనిపించదు, అదే దీనిలో మోసం. స్కైరిమ్‌లో చాటుగా బాకుతో కొట్టే నైపుణ్యం ఒక్కటే 15 రెట్లు. అక్కడ ఆ గుణకాన్ని తెలిసే పెట్టారు, ఎందుకంటే బాకు అసలు దెబ్బ చాలా చిన్నది. మనకి ప్రమాదం తెలియకుండా పేరుకునే వాటితోనే.

మందు ఇలా వేయండి. బోనస్‌లన్నిటినీ రెండు మూడు బుట్టల్లో పెట్టండి. ఒకే బుట్టలో ఉన్నవి కూడుకుంటాయి, బుట్టలు మాత్రమే ఒకదాన్నొకటి గుణిస్తాయి. ఆయుధం, ఉంగరం, తాయెత్తు ఇచ్చేవన్నీ ఒక బుట్ట. స్నేహితులు వేసే, బలం పెంచే బఫ్ మంత్రాలు ఒక బుట్ట. క్రిటికల్, చాటుదెబ్బ కలిపి ఒక బుట్ట. ఇక ఎన్ని కొత్త ఉంగరాలు చేర్చినా లెక్క చేయి దాటదు.

దీనికి పెద్దన్న లాంటి సమస్య ఇంకొకటుంది: తన్ను తానే పెంచుకునే చక్రం. 2002 నాటి మారోవిండ్‌లో ఇంటెలిజెన్స్ పెరిగితే మీరు కాచే పోషన్ బలం పెరుగుతుంది. ఇంటెలిజెన్స్ పెంచే పోషన్ కాచి తాగండి, దాని బలంతో ఇంకా గట్టి పోషన్ కాయండి, అదీ తాగండి... కాసేపటికి అంకెలు లక్షల్లోకి పోతాయి. మీ గేమ్‌లో ఇలాంటివి పట్టుకోవాలంటే కాగితం మీద ప్రతి గుణాన్నీ ఒక సున్నాగా గీసి, ఏది దేన్ని పెంచుతుందో బాణాలు వేయండి. ఎక్కడైనా బాణాలు తిరిగి బయల్దేరిన చోటికే వస్తే చక్రం ఉన్నట్టు. దాన్ని తెంచడం కష్టం కాదు: తయారీకి సంబంధించిన లెక్కలన్నీ పాత్ర అసలు గుణాల మీదే జరగాలి, తాత్కాలికంగా పెరిగిన వాటి మీద కాదు.

ఎంతమంది కొడుతున్నారు, ఎన్నిసార్లు కొడుతున్నారు

నన్నడిగితే కత్తి పదును కంటే ఎవరికి ఎన్ని వంతులు వస్తున్నాయన్నదే పోరాటాన్ని ఎక్కువగా తేలుస్తుంది. ఒక చిన్న లెక్క వేయండి. నలుగురు దొంగలు, ఒక్కొక్కడు వంతుకి 10 కొడతాడు. ఆటగాడు ముందు కదులుతాడు, వంతుకి ఒకణ్ని పడగొడతాడు. మొదటి వంతులో మిగిలిన ముగ్గురు 30 కొడతారు, తర్వాత ఇద్దరు 20, తర్వాత ఒకడు 10. మొత్తం 60. ఇప్పుడు "కాస్త కష్టం చేద్దాం" అని ఇంకొక్క దొంగను చేర్చండి. 40, 30, 20, 10. మొత్తం 100. మనుషుల్ని పెంచింది పావు వంతు, నొప్పి పెరిగింది 67 శాతం. అదే ఒకణ్ని తగ్గించి ముగ్గుర్ని పెడితే 20, 10 కలిపి 30. సగానికి సగం పడిపోయింది. అందుకని గుంపు సైజు మార్చడం అంటే గోటితో పోయే చోట గొడ్డలి వాడటమే. ముందు ఒక్కొక్కడి దెబ్బను కొద్దిగా సవరించి చూడండి.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. ఆటగాడు ఒక్కొక్కణ్నే పడగొట్టకుండా నలుగురినీ సమంగా గాయపరుస్తూ పోయి, అందరూ నాలుగో వంతులో కలిసి పడ్డారనుకోండి. వాడు తినే దెబ్బ 40 చొప్పున మూడు వంతులు, 120. ఒకే పోరాటం తెలిసినవాడికి 60, తెలియనివాడికి 120. "మరీ సులువు", "మరీ కష్టం" అని ఒకే పోరాటం మీద రెండు ఫిర్యాదులు వస్తే కారణం ఇలాంటిదే కావచ్చు. అప్పుడు అంకెలు ముట్టుకోకుండా, ఒకేసారి ఒకరి మీద గురిపెట్టడం మంచిదని ముందు ఒక తేలికైన పోరాటంలో నేర్పండి.

దీన్ని తిరగేస్తే బాస్ సమస్య. నలుగురు వీరులు, ఒక్క డ్రాగన్. అయిదు రౌండ్లలో వీరులకి 20 వంతులు, డ్రాగన్‌కి 5. అందులో రెండుసార్లు స్తంభన మంత్రం పడితే మిగిలినవి మూడు. ఇది చూసి చాలామంది డ్రాగన్ హెల్త్‌ని రెట్టింపు చేస్తారు. అప్పుడు పది రౌండ్ల పాటు అదే చూస్తాం, కష్టం పెరగదు, పొడవు పెరుగుతుంది. బల్లచుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 2014 నాటి అయిదో ఎడిషన్ దీన్ని బాగా పరిష్కరించింది: పెద్ద డ్రాగన్లకి రౌండుకి మూడు లెజెండరీ యాక్షన్లు ఇచ్చి, వాటిని వేరేవాళ్ల వంతు ముగిసిన చోట వాడుకోనిచ్చింది. స్తంభన లాంటి మంత్రం తగిలినా రోజుకి మూడుసార్లు దాన్ని కాదనే హక్కూ ఇచ్చింది. మీరూ హెల్త్ ముట్టుకోకుండా వంతులు పెంచండి. తోక విసురు ఒకటి, రెక్కల గాలి ఒకటి, చిన్నవే చాలు.

స్తంభన పూర్తిగా పనిచేయకుండా చేయడం మాత్రం నాకు నచ్చదు. ఆ మంత్రం మీద పాయింట్లన్నీ పెట్టినవాడికి బాస్ దగ్గర చేతులు కట్టేసినట్టవుతుంది. మొదటిసారి పూర్తి సమయం, రెండోసారి సగం, మూడోసారి ఏమీ లేదు. ఇలా తరిగిపోయేలా చేస్తే ఇద్దరికీ న్యాయం.

ఆటగాడికి అదనపు వంతు ఇచ్చే ఏ మంత్రాన్నైనా అనుమానంగా చూడండి. బాల్డర్స్ గేట్ 3లో హేస్ట్ మంత్రం ఇచ్చే అదనపు యాక్షన్‌తో వీరుడు మళ్లీ రెండేసి దెబ్బలు కొట్టగలడు. కఠినమైన ఆనర్ మోడ్ తెచ్చినప్పుడు ఆ అదనపు యాక్షన్‌కి ఒక్క దెబ్బే అని కట్టడి చేశారు. మామూలు మోడ్‌లో మాత్రం వదిలేశారు. సరదాగా ఆడేవాడి సరదా పోలేదు, సవాలు కోరినవాడికి సవాలు దొరికింది.

పోషన్లు, విశ్రాంతి

మెనూ తెరవగానే గేమ్ ఆగిపోయి, అందులో కూర్చుని పాతిక పోషన్లు గటగటా తాగగలిగితే పైన చేసిన లెక్కలన్నీ బూడిదలో పోసినట్టే. ఆటగాడి హెల్త్ తెరమీద ఉన్న అంకె కాదు, సంచిలో ఎన్ని సీసాలుంటే అంత. తాగడానికి సమయం పట్టేలా చేయండి, లేదా సీసాలకి పరిమితి పెట్టండి. 2011 నాటి డార్క్ సోల్స్‌లో సీసా ఒక్కటే, మంట దగ్గర కూర్చుంటే మళ్లీ నిండుతుంది. అందులో నాకు బాగా నచ్చేది, "ముందు ముందు పనికొస్తుందేమో" అని దాచుకునే పిసినారితనం కూడా దాంతో పోతుంది.

మాంత్రికుడి బలం కూడా సగం విశ్రాంతి నియమాల్లోనే ఉంటుంది. ప్రతి పోరాటంలో మంత్రాలన్నీ గుమ్మరించి, బయటకొచ్చి నిద్రపోయి, మళ్లీ లోపలికి వెళ్లనిస్తే వాడితో ఎవరూ సాటిరారు. నిప్పు బంతిని నెర్ఫ్ చేసేముందు రెండు నిద్రల మధ్య సగటున ఎన్ని పోరాటాలు జరుగుతున్నాయో లాగ్‌లో చూడండి. ఒకటే అని తేలితే సమస్య నిప్పు బంతిలో లేదు.

ఆటగాడితో పాటు లెవెల్ పెరిగే శత్రువులు

2006లో ఆబ్లివియన్ వచ్చినప్పుడు దాదాపు ప్రపంచమంతా ఆటగాడి లెవెల్‌తోనే పెరిగేది. లెవెల్ బాగా పెరిగాక దారిదోపిడీ చేసే దొంగ కూడా అరుదైన గ్లాస్ ఆర్మర్ వేసుకుని వచ్చి చిల్లర డబ్బు అడిగేవాడు. అంత ఖరీదైన కవచం ఉన్నవాడికి దోపిడీ ఎందుకో! 1999 నాటి ఫైనల్ ఫాంటసీ 8లోనూ శత్రువులు మీతో పెరుగుతారు, అందుకే తెలిసినవాళ్లు కావాలనే లెవెల్ పెంచకుండా ఆడతారు.

శత్రువుల్ని పూర్తిగా ఆటగాడితో పెంచితే ఎదిగిన అనుభూతి పోతుంది, అసలే పెంచకపోతే పక్కదారి పట్టినవాడికి కథ చప్పగా తేలిపోతుంది. ప్రతి ప్రాంతానికీ కింద ఒక హద్దు, పైన ఒక హద్దు పెట్టండి. ఈ అడవి తోడేళ్లు లెవెల్ 4 కంటే తగ్గవు, 9 కంటే పెరగవు. లెవెల్ 15లో తిరిగొచ్చి వాటిని చెదరగొట్టడం ఆటగాడి హక్కు, అది లాక్కోకండి.

అదృష్టం విషయం, క్లుప్తంగా

75 శాతం తగులుతుందని రాసి ఉంటే, వరసగా రెండుసార్లు తప్పే అవకాశం 6.25 శాతం. అంటే పదహారుసార్లలో ఒకసారి. ఆటగాడికి మాత్రం అది మోసంలా అనిపిస్తుంది. ఫైర్ ఎంబ్లమ్ సిరీస్‌లో 2002 నాటి ఆరో గేమ్ రెండు యాదృచ్ఛిక సంఖ్యల సగటు తీసింది, దాంతో తెరమీద 70 అని ఉన్నది నిజానికి 82 దాకా తగులుతుంది. డోటా 2లో 25 శాతం అని రాసిన క్రిటికల్ మొదటి దెబ్బకి 8.5 శాతమే, తగలని ప్రతిసారీ పెరుగుతూ పోతుంది, అందుకే దురదృష్టం మరీ సాగదు. రెండూ పనిచేస్తాయి. మీ గేమ్‌లో ఒక తప్పిన దెబ్బ చావు తెచ్చేంత బరువైనదైతే ఇలాంటి సర్దుబాటు పెట్టుకోండి, లేకపోతే మామూలు పాచికలే చాలు.

ఇప్పుడు అంకెలు మార్చండి

ఒకసారికి ఒక్కటే. రెండు మార్చి ఫలితం బాగుంటే ఏది పనిచేసిందో తెలియదు, పాడైతే ఏది పాడుచేసిందో తెలియదు. సివిలైజేషన్ గేమ్ చేసిన సిడ్ మైయర్ చెప్పినట్టుగా ప్రచారంలో ఉన్న సూత్రం ఒకటుంది: రెట్టింపు చేయి, లేదా సగం చేయి. 5 శాతం పెంచితే మీకు తేడా తెలియదు, వారం గడుస్తుంది. ముందు రెట్టింపు చేస్తే ఆ అంకెకి అసలు ఏమైనా ప్రభావం ఉందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. తర్వాత తీరిగ్గా మధ్యలోకి రావచ్చు.

లెక్కల పోరాటాలైతే చిన్న స్క్రిప్ట్‌తో వెయ్యిసార్లు ఆడించండి. సగటు చూసి ఊరుకోవద్దు. మధ్యస్థం (ఫలితాలు వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది) చూడండి, అట్టడుగు పది శాతం మందికి ఏం జరిగిందో చూడండి. సగటున 40 శాతం హెల్త్ మిగిలిందంటే బాగానే ఉందనిపిస్తుంది. విప్పి చూస్తే సగం పోరాటాల్లో 80 మిగిలి, సగం పోరాటాల్లో చావు ఉండొచ్చు.

స్క్రిప్ట్ చెప్పలేనిది మనిషి చెబుతాడు. గేమ్ ఎప్పుడూ చూడనివాణ్ని కూర్చోబెట్టి, వెనక నిలబడి, ఏమీ చెప్పకండి. ఇది చాలా కష్టం, "ఎడమ బటన్, ఎడమ బటన్" అని అరవాలనిపిస్తుంది. నాలుక కరుచుకోండి. మీరు స్వయంగా ఆడేటప్పుడు మీకిష్టమైన బిల్డ్ (నైపుణ్యాలు, ఆయుధాల కూర్పు) వదిలేసి, అందరూ వేస్ట్ అనే దానితో ఆడండి. నేను తెలివితక్కువ గదాధారితో మొత్తం గేమ్ ఒకసారి ఆడాను. నడుము నొప్పి వచ్చింది గానీ, స్ప్రెడ్‌షీట్ ఎప్పుడూ చూపించని నాలుగు విషయాలు దొరికాయి.

ఈజీ, హార్డ్ స్థాయిలు అన్నిటికంటే చివర పెట్టండి. స్కైరిమ్ లెజెండరీ స్థాయిలో మీ దెబ్బ నాలుగో వంతుకి పడిపోతుంది, మీకు తగిలేది మూడింతలవుతుంది. దానివల్ల పైన చెప్పిన దెబ్బల లెక్క మొత్తం తలకిందులవుతుంది: ప్రతి తోడేలూ నాలుగింతలు మొండిది. హార్డ్‌లో హెల్త్ ముట్టుకోకుండా శత్రువుల తెలివి పెంచడం, విలుకాళ్లు దూరం జరగడం, వైద్యుడు వెనక దాక్కోవడం లాంటివి పని ఎక్కువే గానీ ఆడేవాడికి తేడా అక్కడే తెలుస్తుంది.

విడుదలయ్యాక

ఎవరో ఒకరు మీరు కలలో ఊహించని జోడీ కనిపెడతారు. కంగారుపడకండి. ఒంటరిగా ఆడే గేమ్‌లో అది మొదటి రెండు గంటల్లో అందరికీ తగిలేదైతే సరిచేయండి, ఎందుకంటే మిగతా దారులన్నీ మూసుకుపోతాయి. నలభై గంటలు వెతికి కనిపెట్టిందైతే అది వాడి కష్టార్జితం, వదిలేయండి. ఒకరితో ఒకరు తలపడే గేమైతే అంత ఉదారంగా ఉండలేం. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే వీలున్న ఎల్డెన్ రింగ్ విడుదలైన నెలలోపే, 2022 మార్చిలో, హోర్‌ఫ్రాస్ట్ స్టాంప్ నైపుణ్యాన్ని తగ్గించారు.

నెర్ఫ్ చేయక తప్పకపోతే ఆ నైపుణ్యం మీద పెట్టిన పాయింట్లన్నీ వెనక్కి ఇచ్చేయండి, ప్యాచ్ నోట్‌లో (గేమ్ సవరణల పట్టీలో) పాత అంకె, కొత్త అంకె, కారణం మూడూ రాయండి. ప్యాచ్ వదిలేముందు పాత సేవ్ ఫైల్ ఒకటి తెరిచి, సరిగ్గా బాస్ గది తలుపు దగ్గర ఆపుకున్నవాడు ఇప్పటికీ ఆ బాస్‌ని గెలవగలడో లేదో స్వయంగా ఆడి చూడండి. గెలవలేకపోతే వెనక్కి వెళ్లే దారి ఒకటి ఆ గదిలో పెట్టాకే ప్యాచ్ వదలండి.